ఒళ్ళు తగ్గాలి, బలం తగ్గకూడదు

(సంతానం కోరే దంపతుల కోసం ఆరోగ్య కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ నియంత్రణ అనగానే మన ఊళ్ళలో చాలామందికి ఆపరేషను, లూపు, మాత్రలు, నిరోధ్ ఇవే గుర్తుకు వస్తాయి. ఎర్ర త్రికోణం బొమ్మ కనబడితే చాలు, "పిల్లలు చాలని చెప్పనీకి వచ్చినారు" అని పక్కకు జరుగుతారు. కాని కుటుంబాన్ని అనుకున్నట్టు అమర్చుకోవడమంటే వద్దనుకున్నప్పుడు ఆపడం ఒక్కటే కాదు. కావాలనుకున్నప్పుడు కలగడానికి దారి చూపడం కూడా అందులోదే. ఈ రోజు ఆ రెండో సంగతి మాట్లాడుకుందాము.

ఆలంపూరులో ఈ మాట చెప్పడానికి ఇంకొక కారణం ఉన్నది. జోగులాంబ అమ్మవారికి మొక్కుకోవడానికి సంతానం లేని దంపతులు దూరాభారాల నుంచి వస్తారు. ఇక్కడి మ్యూజియంలో ఉన్న లజ్జాగౌరి శిల్పాన్ని ఒకప్పుడు పిల్లలు లేని స్త్రీలు పూజించేవారు. అంటే ఈ బాధ ఈనాటిది కాదు, వందల ఏండ్ల నాటిది. మొక్కవద్దని మేము చెప్పము. అయితే మొక్కు పేరున వారంలో నాలుగు దినాలు పస్తులుండి, "ఎట్లనూ లావు తగ్గాలన్నారు కదా, రెండూ అయితాయి" అని కళ్ళు తిరిగి పడిపోయే ఆడబిడ్డ ఉంటే మాత్రం ఆమెను కూచోబెట్టి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

పెండ్లయి రెండేండ్లు దాటితే చాలు, ఇంటికి వచ్చినవాళ్ళంతా అడుగుతారు: "ఏందమ్మా, ఇంకా నీళ్ళు పోసుకోలేదా?" కొంచెం లావుగా ఉన్న పిల్ల అయితే ఇంకొక మాట కలుపుతారు: "ఆ ఒళ్ళు తగ్గితే గానీ కడుపు పండదు." ఆ మాటలో కొంత నిజం ఉన్నది, చాలా అన్యాయం కూడా ఉన్నది. ఏది నిజమో ముందు చూద్దాము.

స్త్రీ కడుపులో గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. నెలకు ఒకసారి, వచ్చే ముట్టుకు సుమారు పద్నాలుగు రోజుల ముందు, ఒక అండం పక్వమై విడుదలవుతుంది. ఆ అండానికి భర్త బీజకణం కలిస్తేనే గర్భం. ఒంట్లోని కొవ్వు అన్నది గోనెసంచిలో గింజల్లాగ ఊరికే పడి ఉండేది కాదు. అది కూడా హార్మోనులు తయారు చేస్తుంది. కొవ్వు మరీ ఎక్కువైతే ఇన్సులిన్ పెరుగుతుంది, దాని ఒత్తిడికి అండాశయంలో పురుష హార్మోను పాళ్ళు పెరుగుతాయి, అండం పక్వం కాకుండానే ఆగిపోతుంది. అందుకే కొందరికి ముట్టు నలభై రోజులకో, రెండు నెలలకో వస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొహం మీద మొటిమలు, మెడ వెనక నలుపు కనబడతాయి. దీనిని డాక్టర్లు పి.సి.ఓ.ఎస్. అంటారు. ఇది తప్పు చేస్తే వచ్చే జబ్బు కాదు, శాపమూ కాదు. సన్నగా ఉన్నవారికి కూడా రావచ్చు.

అయితే బక్కపలుచన కూడా మంచిది కాదు. మన నేలలో రైతుకు తెలుసు: పదును లేకుంటే విత్తు మొలవదు, నీళ్ళు నిలిచినా మొలవదు. ఒళ్ళు కూడా అంతే. తిండి చాలక మరీ చిక్కిపోయిన స్త్రీకి ముట్టే ఆగిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు బిడ్డను మోసే శక్తి లేదని శరీరం లెక్క వేసుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు ఉండవలసిన దాని కన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నదని కూడా తేలింది. కాబట్టి లావుగా కనబడే మనిషికి రక్తం ఉన్నదని అనుకోవద్దు. కొవ్వు వేరు, బలం వేరు.

కనుక మొట్టమొదటి పని ఎవరి మాటా వినకుండా తూనిక యంత్రం ఎక్కడం. ఆరోగ్య కేంద్రంలో అది ఉన్నది, పైసా ఖర్చు లేదు. ఎత్తు కూడా కొలిపించుకోండి. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఒక అంకె వస్తుంది. మన దేశస్థులకు ఆ అంకె 18.5 నుంచి 23 లోపల ఉంటే సరైన బరువు. 23 దాటితే ఎక్కువ, 25 దాటితే స్థూలకాయం. తెల్లవాళ్ళకు పెట్టిన హద్దులు ఇంకా పైన ఉంటాయి. మనకు తక్కువ బరువులోనే చక్కెర జబ్బు వస్తుంది గనుక మన హద్దులు కిందికి దించినారు. లెక్క రాకుంటే ఏ.ఎన్.ఎం. అక్కను అడగండి, ఆమె చేసి పెడుతుంది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే, ఐదడుగుల ఎత్తున్న స్త్రీకి 43 నుంచి 53 కిలోల దాకా సరైన బరువు. 58 దాటితే తగ్గించుకోవడం మేలు. 43కు తక్కువ ఉంటే ఈ ప్రసంగంలో తగ్గించే సంగతులన్నీ వదిలిపెట్టి, బరువు పెంచుకొనే సలహా కోసం డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. నడుము చుట్టు కొలత కూడా చూసుకోండి. స్త్రీకి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటకూడదు.

ఇప్పుడు అసలు మాట. ఎంత తగ్గాలి?

చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. 70 కిలోలు ఉన్న స్త్రీ, "నేను 50కి రావాలంటే ఏండ్లు పడుతుంది, అది నా వల్ల కాదు" అని మొదలు పెట్టకముందే చేతులెత్తేస్తుంది. అంత అక్కరలేదమ్మా. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది పాళ్ళు తగ్గితే చాలు, ఆగిపోయిన అండం చాలామందిలో మళ్ళీ విడుదల కావడం మొదలవుతుంది, ముట్టు క్రమంలో పడుతుంది. అంటే 70 కిలోలు ఉన్నామె మూడున్నర నుంచి ఏడు కిలోలు తగ్గితే సరి. చూసేవాళ్ళకు తేడా కూడా తెలియదు. తెలియకపోతేనేమి, లోపల అండాశయానికి తెలుస్తుంది.

వారానికి అరకిలో చొప్పున తగ్గితే ఈ పని మూడు నాలుగు నెలల్లో అవుతుంది. వారానికి కిలో కన్నా ఎక్కువ తగ్గడం ఈ సమయంలో మంచిది కాదు. పస్తులుండి వడివడిగా తగ్గితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం చాలకుండా పోతాయి. శరీరం కరువు వచ్చిందనుకొని అండాన్ని ఆపేస్తుంది. ఏ పని కోసం తగ్గుతున్నామో ఆ పనే చెడిపోతుంది. పైగా ఆ నెలలోనే గర్భం నిలిస్తే, బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడేది మొదటి నాలుగు వారాలలోనే. అప్పటికి తల్లికి నెల తప్పిన సంగతి కూడా సరిగా తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్న నాటి నుంచే, వీలైతే మూడు నెలల ముందు నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. చక్కెర జబ్బు, మూర్ఛ మందులు, బాగా ఎక్కువ బరువు ఉన్నవారికి, ఇదివరకు వెన్ను లోపంతో బిడ్డ పుట్టినవారికి మోతాదు వేరుగా ఉంటుంది. అది డాక్టరు చెప్పాలి, మెడికల్ షాపు అబ్బాయి కాదు.

తిండి సంగతికి వద్దాము. అరకిలో తగ్గాలంటే రోజుకు సుమారు ఐదు వందల కాలరీలు తగ్గాలి. ఇది అన్నం మానేస్తే అయ్యే పని అనుకుంటారు. కొంచెం లెక్క చూడండి. రోజుకు నాలుగు చాయలు, ఒక్కొక్క దాంట్లో రెండు చెంచాల చక్కెర. ఎనిమిది చెంచాలంటే 40 గ్రాములు, అంటే 160 కాలరీలు. నెలకు కిలోకు పైగా చక్కెర ఒక్క చాయల్లోనే కడుపులోకి పోతున్నది! ఎవరూ దాన్ని తిండి కింద లెక్కపెట్టరు. రెండు చాయలకు, చెంచాడు చక్కెరకు వస్తే ఇంట్లో ఎవరికీ తెలియకుండానే సుమారు నాలుగో వంతు పని అయిపోయినట్టే. ఇక నూనె. చిన్న చెంచాడు నూనె 45 కాలరీలు. కూరలో సీసా వంచి పోసే అలవాటు మాని చెంచాతో కొలిచి పోయండి. మన దిక్కు పల్లీలు పండుతాయి. పల్లీల చట్నీ, పల్లీల పొడి లేని ముద్ద దిగదు. పల్లీలు మంచివే, కాని వంద గ్రాములకు ఐదు వందల అరవై కాలరీల పైన. గుప్పెడుతో ఆపాలి.

"జొన్నరొట్టె తింటే తగ్గుతారట కదా" అని అడుగుతారు. ఉన్నమాట చెప్పాలంటే జొన్నలోనూ బియ్యంలోనూ కాలరీలు ఇంచుమించు సమానమే. తేడా ఎక్కడంటే, జొన్నలో పీచు ఎక్కువ, నమలాలి, కడుపు తొందరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. రెండు రొట్టెలతో లేచే మనిషి అన్నమైతే మూడుసార్లు వడ్డించుకుంటాడు. పైగా రొట్టె తట్టి కాల్చే ఆమె చెయ్యే ఇక చాలంటుంది. ఈ మెట్ట సీమలో మన పెద్దల తిండి జొన్నే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన తర్వాత వరన్నం పండుగ నాటి తిండి నుంచి మూడు పూటల తిండి అయింది. అది ఆకలి తీర్చిన మేలు, దాన్ని తక్కువ చెయ్యము. కాని పొలం పని తగ్గినవారు రాత్రి పూటైనా రొట్టెకు మళ్ళితే మంచిది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నది. మిగిలిన సగంలో అన్నమో రొట్టెయో, దానితో పప్పు. పప్పు నీళ్ళు కాదు, పప్పే. రోజుకు ఒక గుడ్డు, గ్లాసెడు మజ్జిగ, మొలకెత్తిన పెసలు, దొరికినప్పుడు నది చేపలు వేయించకుండా పులుసుగా. మామిడి కాలంలో మామిడి మానమని ఎవరూ అనరు. మన ఊరి పేరుతో ఆలంపూర్ బనేషాన్ అని ఒక మామిడి రకమే ఉన్నది, దాన్ని మానితే ఎట్లా! పండు తినండి, రసం పిండి చక్కెర కలుపుకొని తాగవద్దు. ఉపవాసం ఉన్ననాడు, రోజా ఉన్ననాడు సాయంత్రం వేపుళ్ళతో పగ తీర్చుకోవద్దు.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇది అత్తగార్లకు కూడా. చాలా ఇళ్ళలో కోడలు చివరికి తింటుంది. అందరూ తిన్నాక కూరా పప్పూ అడుగంటుతాయి. మిగిలేది అన్నం, చారు, ఊరగాయ నూనె. అట్లా తినేవారికి ఒళ్ళు వస్తుంది, రక్తం రాదు. ఆమె తిండి తగ్గించడం కాదు చెయ్యవలసింది, ఆమె పళ్ళెంలోకి కూర రావాలి. అందరితోపాటు కూచొని తింటే ఆ సమస్య దానంతట అదే పోతుంది.

ఇక వ్యాయామం. "పొద్దున లేచిన కాడికెల్లి పనే, ఇంక నాకు వ్యాయామమెందుకు?" అంటారు. చేను కలుపు తీసే ఆమెకు, ఇటుకలు మోసే ఆమెకు నిజంగానే అక్కరలేదు, ఆమెకు కావలసింది విశ్రాంతి, తిండి. కాని కుట్టు మిషను ముందు, మగ్గం ముందు, దుకాణం గల్లా దగ్గర, పొయ్యి దగ్గర నిలబడి చేసే పనిలో అలసట ఉంటుంది గానీ కొవ్వు కరగదు. అలసట, వ్యాయామం ఒకటి కావు.

వారానికి 150 నిమిషాలు వేగంగా నడవాలి. అంటే వారానికి ఐదు రోజులు అరగంట. వేగం ఎంతంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అలవాటు లేనివారు మొదటి వారం పది నిమిషాలతో మొదలు పెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకోండి. మన ఎండలకు తెల్లవారకముందు నడక మేలు. ఒంటరిగా పోతే లోకం ఏమనుకుంటుందోనన్న జంకు ఉంటే నలుగురు ఆడవాళ్ళు జతకండి, లేదా భార్యాభర్తలు ఇద్దరూ పోండి. ఆలంపూరులో నడవడానికి చోటు వెతుక్కోవలసిన పని లేదు. నవబ్రహ్మ ఆలయాల చుట్టూ నడవవచ్చు, పాపనాశి గుళ్ళ దిక్కుకు పోవచ్చు. శ్రీశైలం నీళ్ళలో మునిగిపోకుండా రాళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన గుళ్ళవి, చూస్తూ నడిస్తే దూరం తెలియదు. ప్రదక్షిణ కూడా నడకే కదా, కాకుంటే కొంచెం వడిగా చెయ్యాలి.

వారానికి రెండు రోజులు కండకు పని పెట్టండి. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూచోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వెనక్కు ఒంగడం, ఇంట్లో చేసుకోగలవే. బాగా బరువున్నవారు తాడాట వంటి ఎగిరే ఆటలు ఆడవద్దు, మోకాళ్ళు పోతాయి. ముట్టు దినాల్లో నడవవచ్చు. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, ఆగని ఆయాసం వస్తే ఆపి డాక్టరుకు చూపించుకోండి.

ఒక అపోహ గట్టిగా నాటుకొని ఉన్నది: కలిసిన తర్వాత నడిస్తే, బరువెత్తితే నిలవవలసింది జారిపోతుందని. జారదు. బీజకణాలు నిమిషాల్లోనే లోపలికి చేరుకుంటాయి, నడకతో వాటికి ఏ సంబంధమూ లేదు. రెండు మూడు రోజులకు ఒకసారి కలుస్తుంటే చాలు, తిథులు చూసుకోనక్కరలేదు. అయితే సన్నగా ఉండి రోజూ గంటల తరబడి పరుగులు, కఠిన వ్యాయామాలు చేసేవారికి మాత్రం ముట్టు తప్పవచ్చు. వారు కొంచెం తగ్గించుకోవాలి.

నడక ఒక్కటే బరువు తగ్గిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 140 కాలరీలు. వచ్చే దారిలో రెండు మిరపకాయ బజ్జీలు తింటే చెల్లుకు చెల్లు. కాని బరువు తగ్గకపోయినా నడక వల్ల ఇన్సులిన్ సరిగా పని చేస్తుంది, ఆ మేలు అండాశయానికి అందుతుంది. అందుకే తూనికలో ముల్లు కదలలేదని నడక మానవద్దు.

మగవారు ఇంతసేపూ పక్కకు చూస్తున్నారు. ఇప్పుడు మీ వంతు. పిల్లలు కలగని జంటలలో దాదాపు సగం మందిలో లోపం మగవారిలో ఉంటుంది, అతనొక్కనిలోనో, ఇద్దరిలోనూనో. అయినా మాట పడేది ఆమె. ఒళ్ళు ఎక్కువైతే మగవారికీ హార్మోనులు తారుమారై బీజకణాలు తగ్గుతాయి. బీజకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజు బీడీ, గుట్కా, కల్లు, సారా మానితే మూడు నెలలకు ఫలితం తెలుస్తుంది. కండలు పెరగాలని వ్యాయామశాలలో తీసుకొనే హార్మోను ఇంజెక్షన్లు బీజకణాలను పూర్తిగా ఆపేయగలవు. భార్యకు పది పరీక్షలు చేయించకముందే భర్త వీర్య పరీక్ష చేయించుకోవాలి. అది సులువైనది, నొప్పి లేనిది. మగతనానికీ దానికీ సంబంధం లేదు.

బజారులో "పదిహేను రోజుల్లో పది కిలోలు" అని పొడులు, టీలు అమ్ముతారు. లోపల ఏమి కలిపినారో దేవునికే ఎరుక. బరువు తగ్గించే సిబుట్రమిన్ అనే మందు గుండెకు చేటని 2011లో మన దేశంలో నిషేధించినారు, అయినా అటువంటివి మూలికల పేరుతో పొడుల్లో కలుస్తూనే ఉన్నాయని పరీక్షల్లో బయటపడుతున్నది. ఇటీవల పట్టణాలలో వారానికొక ఇంజెక్షను తీసుకొని తగ్గుతున్నారు. అవి డాక్టరు రాసే మందులే, కాని గర్భంలో వాడరాదు. సెమాగ్లూటైడ్ అయితే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి. అది వాడినన్నాళ్ళు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషను చేయించుకున్నవారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బి.పి.కి, మూర్ఛకు మందులు వాడేవారు సొంతంగా ఆపవద్దు, ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

ఇంతా చెప్పి ఒక నిజం దాచకూడదు. బరువు తగ్గితే బిడ్డ పుట్టి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నెదర్లాండ్స్ దేశంలో స్థూలకాయం ఉండి పిల్లలు కలగని స్త్రీల మీద చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2016లో వచ్చినాయి. సగం మందికి ఆరు నెలలు తిండి, వ్యాయామం నేర్పి తర్వాత చికిత్స చేసినారు, సగం మందికి వెంటనే చికిత్స చేసినారు. మొదటి గుంపులో చికిత్స లేకుండానే గర్భం దాల్చినవారు ఎక్కువ. అయితే రెండేండ్ల లెక్క తీస్తే, నెలలు నిండి సహజ కాన్పులో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలు ఆ గుంపులో ఎక్కువ కాలేదు. దీన్ని బట్టి నాకు తోచేది ఇది: తగ్గడం మంచిదే, గర్భంలో చక్కెర, బి.పి. వచ్చే ప్రమాదం కూడా తగ్గుతుంది. కాని "ముందు ఇరవై కిలోలు తగ్గి రా, అప్పుడు చూస్తా" అని ఎవరైనా తరిమితే అది న్యాయం కాదు. వయసు ఆగదు. 35 లోపు వారు ఏడాది పాటు కలిసి ఉండి గర్భం రాకుంటే, 35 దాటినవారు ఆరు నెలలకే పరీక్షకు రావాలి. ముట్టు రెండు మూడు నెలలకు ఒకసారి వచ్చేవారు అంత కూడా ఆగనక్కరలేదు. బరువు తగ్గే పని, పరీక్షల పని రెండూ పక్కపక్కన సాగవచ్చు. పెద్ద చికిత్సలకు పట్టణం పోవలసి వస్తే ఆ కేంద్రం 2021 చట్టం కింద రిజిస్టరు అయినదో కాదో అడగండి. గ్యారంటీ అని బోర్డు పెట్టినచోట డబ్బు కట్టకండి.

నెల తప్పిన నాటి నుంచి బరువు తగ్గించే ప్రయత్నం ఆపేయాలి. నడక మాత్రం, డాక్టరు వద్దంటే తప్ప, ఆపనక్కరలేదు.

ఆరోగ్య కేంద్రానికి వచ్చేటప్పుడు గత ఆరు నెలల ముట్టు తేదీలు ఒక కాగితం మీద రాసుకొని రండి. వాడుతున్న మందుల చీటీలు తెచ్చుకోండి. రక్తం, చక్కెర, థైరాయిడ్, బి.పి. చూపించుకోండి. భర్తను వెంటబెట్టుకొని రండి, అతన్ని కూడా తూనిక యంత్రం ఎక్కిస్తాము.